మిగతా రెండు తీగలు

గుంతకల్లు పార్సిలాఫీసులో
ఎవరూ విడిపించుకోని సామాన్ల వేలం.
ధనియాల మూటకీ, కాలు విరిగిన కుట్టుమిషనుకీ నడుమ
అది బోర్లా పడుకోనుండె.
"ఆరు తీగల్లో రెండు తెగిపోయినాయి,
నూటపది" అన్నాడు గుమాస్తా.
తొంభైకి దిగినాడు.

ఆ రెండు తీగల కోసం
ఆర్నెల్లు తిరిగినాను, ఆదోని దాకా.
ఆఖరికి గుత్తి బజార్లో రేడియోలు బాగుచేసే ఖాజాపీరా
చేతిలోకి తీసుకుని, బరువు చూసి, నవ్వినాడు:
"ఒరే రత్నం, ఇది బేసు. నాలుగింటితోనే పుట్టింది.
పాటకు కింద కడప బండ పరుస్తాది.
బండను ఎవరూ చూడరు, నడుస్తారంతే."

షెడ్డులో డీజిల్ ఇంజను ఆపకుండా నిలబెట్టినప్పుడు
దాని గొంతు నా బూట్లలోంచి ఎక్కి
మోకాళ్ల కాడ కూర్చునేది.
డ్యూటీ దిగి, చేతులకు గ్రీజు ఉండగానే
లావు తీగ మీద ఆ స్వరాన్ని వెతికేవాణ్ణి.
మూడో మెట్టు కాడ దొరికేది.
అదే మెట్టు కాడ
వంటింట్లో స్టీలు పళ్లేలన్నీ గలగలమనేవి,
పక్క క్వార్టర్సులో మాబున్ని గోడ మీద కొట్టేది.
సుగంధమ్మ ఏమీ అనలేదు.
ఒక పాత తువ్వాలు మడిచి పళ్లేల మధ్యన దూర్చింది.

టూరింగ్ టాకీసు మూసేసి తూకానికి అమ్మితే
పదిహేనంగుళాల స్పీకరు మోసుకొచ్చినాను.
ఎన్ని ఏడుపులు, ఎన్ని కత్తియుద్ధాలు నానినాయో
ఆ నల్ల అట్టలో!
ఖాజాపీరా వాల్వులు బిగించినాడు,
మామిడి చెక్క పెట్టె నేనే కొట్టినాను.
స్విచ్చి వేస్తే నిమిషం సేపు
వేడెక్కిన దుమ్ము వాసన, తర్వాతే శబ్దం.

కొత్త తీగలు బెంగుళూరు నుంచి రావల్ల.
జీతం రావల్ల అంతకు ముందు.
పాతవే సోడా ఉప్పేసి ఉడకబెడితే
జిగి తిరిగొస్తాది, పది దినాలకు.
సంగటి గిన్నెలో చుట్టలు చుట్టుకుని తెర్లుతావుంటే
మా చిన్నోడు మూత తీసి చూసి
"ఈ పూట నాకు ఆకలి లేదు" అన్నాడు.

రెండోది ఎరియర్సుతో కొన్నాను, కాలిన బెల్లం రంగుది.
మూడోది నంద్యాల బ్యాండోళ్లు అప్పు కింద ఇచ్చింది.
"అన్నీ ఒకటే మాదిరి మూలుగుతాయి గదా?" అని సుగంధమ్మ.
ఎట్లా చెప్పేది?
ఇది కాలువ నీళ్లు తూములోకి దిగినట్టు,
అది శెనక్కాయల మూట నేల మీద వేసినట్టు.
ఇంకోటి ఉంది, దాన్ని ఇప్పటికీ చెప్పలేను.

ముప్పై క్రిస్మసులు వాయించినాను.
ఇన్‌స్టిట్యూట్‌లో పెళ్లిళ్లు లెక్కలేదు.
ఆ వీడియోలన్నిట్లో కలిపి
నా మోచేయి రెండుసార్లు కనిపిస్తాది.

రిటైరైనాక అనంతపురంలో చెవుల డాక్టరు
కాగితం మీద గీత చూపించినాడు.
గుత్తి కోట మెట్లు దిగొచ్చినట్టు
కుడివైపుకు పోయేకొద్దీ కిందికి.
"షెడ్డు మోత తినేసింది.
పిచ్చుకలు, కుక్కరు ఈల, ఫోను గంట ఇంక వినపడవు.
కింది స్వరాలు మాత్రం బాగుండాయి."
నేను నవ్వినాను.
అర్థం కాలేదనుకుని ఇంకోసారి గట్టిగా చెప్పినాడు.

పోయిన నెల ఐదు తీగలది తెచ్చినాను.
ధర సుగంధమ్మకు సగమే చెప్పినాను.
ఐదోది బొటనవేలంత లావనిపిస్తాది.
ఆర్నెల్లు వెతికిన ఆ రెండింట్లో
ఒకటి ఇన్నాళ్లకు చిక్కినట్టుంది.

రాత్రి వాయిస్తావుంటే డొక్కల్లో ఇంజను నిలబడింది.
"పళ్లేలు మోగుతాండాయా?" అని అడిగితిని.
సుగంధమ్మ పెదాలు కదిలినాయి. ఏమన్నదో!
లేచి వంటింట్లోకి పోయి,
ఆ తువ్వాలు లాగేసి భుజాన వేసుకొచ్చి
నా ఎదురుగ్గా కూర్చునింది.
ఎందుకని అడగలేదు.
మూడో మెట్టు మీద వేలు ఆనించినాను.