కాకులదొడ్డి

పాకాల స్టేషను రోడ్డులో
"రావణగారోళ్ళ ఇల్లు యాడ?" అంటే
చీమిడి ముక్కు పిల్లోడైనా వేలు చూపిస్తాడు.
పోస్టాయన మాత్రం ప్రతిసారీ అదే నవ్వు,
"లంక నుంచి ఉత్తరమొచ్చిందక్కా!"

రేషను కార్డులో రేవంత్ గారు.
ఓటర్ల జాబితాలో రావణ గర్తు.
మా నాయన పెన్షను కాగితంలో రేవతి గార్డు;
రైల్వేలో గార్డనుకున్నాడేమో ఆ గుమాస్తా.
నాయన గ్యాంగుమేను. సుత్తి మోసినాడే కానీ
పచ్చజెండా పట్టిందే లేదు.

అసలు మాట రేవన్స్‌గార్త్.
నోరు తిరక్క ఊరే దాన్ని కొరికి, నమిలి,
గొంతు దిగినంత వరకు మింగింది.

మొన్న మాఘంలో తిరుపతి ప్యాసింజరు దిగి
ఒక ముసలి తెల్లాయన
ఆ పేరును పూర్తిగా పలుకుతూ మా గడప కాడికొచ్చినాడు.
ఎవర్నో తిడతా ఉన్నాడనుకున్నా ముందు.

చాపంత కాగితం పరిచినాడు.
ఎనిమిది వందల ఏండ్లంట.
గొర్రెల కాపర్లు, ఒక పాదిరి,
గుర్రం దొంగిలించి ఉరెక్కినోడు ఒకడు,
ఒకే యుద్ధంలో ఒకే వారంలో ముగ్గురన్నదమ్ములు.
గీతలు కిందికొచ్చేకొద్దీ సన్నగిల్లినాయి
ఎండాకాలం మా ఏరు మాదిరి.
"ఇప్పుడు మా దేశమంతా కలిపి పదకొండు మందిమి,
తొమ్మిది మందికి అరవై దాటినాయి" అన్నాడు.
తెలుగు చేసి చెప్పింది మా తమ్ముడి కూతురు ప్రిస్సిల్లా,
పాలిటెక్నిక్ రెండో ఏడు.

"పేరుకు అర్థమేందో అడుగు పాపా" అన్నాను.
ఆయన చేతులు రెక్కలు చేసి ఆడించినాడు,
గొంతు బొంగురు చేసి కావుమన్నాడు,
నేల మీద చుట్టూ కంచె గీసినాడు.
కాకులు. దొడ్డి.
కాకులదొడ్డి!
పడీ పడీ నవ్వినాను.
ఇంత దూరం పోయి రావాల్నా దీనికి?
ఎద్దులదొడ్డి, మేకలదొడ్డి మాకూ ఉన్నాయి కదయ్యా.
తేడా అల్లా ఒకటే:
మా ఇంటిపేరు బండికి ముందుండే ఇంజను,
మీది వెనకాల గార్డు పెట్టె.

అప్పుడాయన మా మొకాలు చూడ్డం మొదలుపెట్టినాడు.
ఒక్కొక్కరి ముక్కు, ఒక్కొక్కరి కండ్లు.
ఏం వెతుకుతా ఉన్నాడో అర్థమయింది.

లోపలికి పోయి ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చినాను.
శెనక్కాయ విత్తనాలు పోసుంటాము అందులో.
మూత మీద తెల్లరంగు అక్షరాలు, సగం తుప్పు.

ఈ పెట్టె దొర కలరాతో దారిలోనే పోయినాడంట.
దించమన్న చోట దించి
దాని మీద కూర్చున్నాడంట పన్నెండేండ్ల మునిగాడు,
ఎవరన్నా వచ్చి అడుగుతారని,
మూడు పగళ్ళు, మూడు రాత్రులు.
నాలుగో నాడు మట్టిపనికి పేర్లు రాసుకునే గుమాస్తా అడిగినాడు,
"పేరు?"
"మునిగాడు."
"ఇంటిపేరు?"
ఊరు వానికి పిలుపిచ్చింది కానీ పేరివ్వలేదు,
ఇల్లే ఇవ్వలేదు, ఇంక ఇంటిపేరా?
గుమాస్తా వాని కాళ్ళ సందున అక్షరాలు చూసి
చూసింది చూసినట్టు ఎక్కించుకున్నాడు.

రక్తం లేదయ్యా. పెట్టె ఉంది.
మా మూలపురుషుడు ఇనప రేకు.

ప్రిస్సిల్లా ఇదంతా చెప్పేసరికి
ఆయన టీ చల్లారిపోయింది.
"ఎంతమంది?" అన్నాడు చివరికి.
లెక్కపెట్టినాము. దామలచెరువులో ఆరుగురు,
చిత్తూరులో బెల్లం మండీ కాడ నలుగురు,
కడుపులో ఉండేది కాకుండా నలభై మూడు.

పెన్సిలు పట్టుకుని శానా సేపు కూర్చున్నాడు.
ఏ కొమ్మకు మమ్మల్ని కట్టాలో
ఆ కాగితంలో చోటు లేదు.
చివరికి ఒక మూల, ఏ గీతకూ తగలకుండా
చిన్న పెట్టె బొమ్మ గీసినాడు, గొళ్ళెంతో సహా.
దాని కింద మునిగాడు.
"వాళ్ళమ్మ పేరు?"
తెలీదన్నాను.
అక్కడ ఖాళీ వదిలినాడు, కొట్టెయ్యలేదు.

తర్వాత పెట్టెలో చెయ్యిపెట్టి
ఒక శెనక్కాయ చిదిమి నోట్లో వేసుకుని
వేళ్ళ మీద కూడుకున్నాడు, పదకొండూ నలభై మూడూ.
"యాబై నాలుగు" అని ప్రిస్సిల్లా నేర్పింది.
"యాబయ్ నాల్గు" అన్నాడు,
నోరు తిరక్క.

నాలుగూ పదికి ధర్మవరం బండి.
గేటు వెయ్యాలని లేచినాను.