పదకొండు రోజుల ఎత్తు

అల్లిపురంలో కుట్టుమిషన్ల షాపు మీద
రేకుల గది మా క్లబ్బు.
ఆరు బల్లలు, నాలుగు గడియారాలు.
ఒక గడియారం నల్లపావుల వైపు నిదానంగా నడుస్తుంది,
అందుకే ఆ బల్ల దగ్గర నలుపు కోసం తగాదా.

హుద్‌హుద్‌కి రేకులు ఎగిరిపోయినప్పుడు
పావుల్ని రోడ్డు మీద ఏరుకున్నాం.
ఒక తెల్లబంటు దొరకలేదు.
దాని బదులు ఇప్పటికీ
ఎల్లాజీ తన బోటు ఇంజనులోంచి తెచ్చిన
పాత నాజిల్ నిలబడుతుంది.
డీజిలు వాసనొచ్చే బంటు.
ఎనిమిదో వరుస చేరితే అదీ మంత్రే.

నేను పోర్టులో లారీలు లెక్కపెడతాను.
చొక్కా మడతల్లో బొగ్గుపొడి ఉండగానే
వచ్చి కూర్చుంటాను, ఇరవై రెండేళ్ళుగా.
ఈలోగా చొక్కా సైజు రెండుసార్లు పెరిగింది,
నా రేటింగు మాత్రం పదమూడు వందల పన్నెండు దగ్గరే
కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

గెలిచిన ఆటలు గుర్తుండవు.
ఓడినవి అడగండి, చెబుతాను:
భీమిలి స్కూల్లో, కాళ్ళు నేలకందని గుంట
నా ఏనుగుని తీసేసి, చెయ్యి గౌనుకి తుడుచుకుని
"అంకుల్, మీ ఎత్తు" అన్న మధ్యాహ్నాన్ని
కిటికీలో ఎండతో సహా.

మా సెక్రటరీ భానోజీ మాస్టారికి
ఓడిన రోజున ఒంట్లో బాగుండదు.
ముప్పయ్యేళ్ళలో ఆయన ఒక్కసారైనా
ఆరోగ్యంగా ఉండి ఓడలేదు.

సూరాడ ఎల్లాజీ అలా కాదు.
ముట్టుకున్న పావుని వెనక్కి పెట్టడు.
"వల ఇసిరీసినాక, ఆగు మళ్ళీ ఇసరతానంటే
సేప ఊరుకుంతాదేటి?"

పోయిన ఫిబ్రవరిలో, మా ఇద్దరి ఆట
ముప్పయ్యొకటో ఎత్తులో ఉండగా
హార్బరు నుంచి ఫోను. ఐసు ఎక్కించేశారు, రమ్మని.
బల్లని కదలకుండా ఎత్తి బీరువా మీద పెట్టి
పేపరు కప్పాం.
పదకొండు రోజులు
నేను రోజూ పేపరెత్తి చూశాను.
నాదే పైచెయ్యి.
నిద్రలో కూడా రెండుసార్లు గెలిచాను.

వచ్చాడు. ఉప్పుగాలికి పెదాలు పగిలి ఉన్నాయి.
బుడి ఇంకా దించకుండానే
గుర్రాన్ని ఎత్తి అయిదో వరుసలో దించాడు,
సరిగ్గా నా శకటు నోట్లో. ఉత్తపుణ్యానికి.
గదంతా నవ్వింది. మాస్టారైతే దగ్గొచ్చేదాకా.

ఎల్లాజీ చాలాసేపు చూసి
నాజిల్ మీద వేలు పెట్టాడు.
"ఇది ఇంకో గడి ముందుకుండాల కదేటి?"

అది ఉన్నచోటే ఉంది.
నడిసముద్రంలో వల లాగుతూ, అన్నం తింటూ
అతను ఆడింది వేరే ఆట.
వెనక్కి తీసుకోమన్నాను.
నవ్వి, రాజుని పడుకోబెట్టాడు.

అందరూ వెళ్ళాక మెహరున్నీసా
(ఇంటరు పిల్ల, మాటలు తక్కువ)
నాజిల్‌ని ఒక గడి ముందుకి జరిపి
గుర్రాన్ని మళ్ళీ అక్కడే పెట్టింది.
ఆరెత్తుల్లో ఆట కట్టు. నాకే.
తప్పించుకునే దారులు తనే మూడు మూసేసింది,
నాలుగోది నేను వెతుక్కుని మరీ ఓడిపోయాను.

ఆ రాత్రి బస్సులో
నా పాత ఆటలు కొన్ని వెనక్కి ఆడుకున్నాను,
ఎక్కడెక్కడ ఏ బంటుని లేని గడిలో చూశానో అని.
ఆటలే కాదు.
అంతలో గాజువాక వచ్చేసింది.

రిజిస్టరులో గెలుపు నా పేరే ఉంది.
మర్నాడు హార్బరు గేటు దగ్గర
టీ డబ్బులు ఎల్లాజీని తియ్యనివ్వలేదు.
ఎందుకని అడిగాడు.
చెబుదామనే నోరు తెరిచాను,
ఐసు బండి వచ్చింది.