తలకట్టు

సహమ్‌లో పొద్దు ఆరు గంటలకే ముదురుతది.
ఖల్ఫాన్ తోటల, జత్ గడ్డి మడి పక్కన
ఎర్ర ట్రాక్టరు మూడు రోజుల సంది
తెల్ల పొగ కక్కి కక్కి ఆగిపోయింది.
"పంపు పోయింది, కొత్తది కొనాలె" అంటడు మొఫిజ్,
పైసలు తనయి కావు గనుక.

చెవి పెట్టి విన్న.
పంపు పాడుగాలే.
పంపును పట్టుకున్నది పాడైంది.
మౌంటుకున్న మూడు బోల్టుల బొక్కలు
గుండ్రం పోయి కోడిగుడ్లయినయి.
దెబ్బ దెబ్బకు పంపు వెంట్రుకవాసి జరుగుతది,
డీజిల్ రెప్పపాటు ఆలస్యంగ పోతది.
ఆ రెప్పపాటే పొగ.

పానాలు నీళ్ల బకెట్‌ల ముంచి ముంచి వాడుతున్న,
లేకుంటే అరచేతి తోలు వాటికే అంటుతది.
నాలుగు పైపులు ఇప్పి
మూతులకు గుడ్డపీలికలు కట్టిన.
ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా
ఇంజను జన్మంత దగ్గుతది.

ఇప్పే ముందు గుర్తు పెట్టుకోవాలె గద,
జిడ్డు గీకిన.
కింద గుర్తు ముందే ఉన్నది.
గీత కాదు, అక్షరం.
పంపు అంచున తలకట్టు,
మౌంటు మీద దాని ఒళ్లు,
రెండు కలిస్తే గ.
కలిస్తేనే టైమింగు.

ఎవలవయ్య నువ్వు?
గట్టయ్యవా, గఫూరువా, గంగారామువా?
నీ పాస్‌పోర్టు ఎవల సొరుగుల ఉండంగ
ఈ ఇనుము మీద పలక దిద్దినవ్?
మొఫిజ్‌ను అడిగితే
"నా ముందటోడు కాదు, వాని ముందటోడు" అన్నడు.
ఖల్ఫాన్‌కు పేరు యాదికి లేదు.
"ఒక హిందీ. పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంట పని చేసేటోడు."

సోహార్ నుంచి వచ్చిన కొత్త మౌంటు బిగించిన.
పాతది తుక్కుబుట్టల పడ్డది, అక్షరం ఒళ్లుతోని.
పంపు మీద తలకట్టొక్కటే మిగిలింది,
కింద మనిషి లేని గొడుగు లెక్క.

కొలుద్దామంటే అరిగిన బొక్కలు అబద్ధమాడుతయి.
చెవితోనే పెట్టాలె.
మొఫిజ్ సెల్ఫ్ కొట్టిండు.
సడలించిన నట్ల దగ్గర నురుగు, మళ్ల నురుగు,
బుడగలు, బుడగలు,
ఆఖరికి తేట డీజిల్.
బిగించిన. మూడోసారికి అందుకున్నది.
గొంతు బరువుగ ఉన్నది.
ఆపి, పంపును గోరంత లోపలికి నూకి చూసిన:
సుత్తె దెబ్బల చప్పుడు.
జరంత బయటికి: పొగ.
ఆ రెండిటి నడుమ ఒక జాగ ఉంటది,
అది పుస్తకాల దొరకదు.
దొరికినప్పుడు
సైలెన్సరు మీది రేకు మూత
తాళం తప్పకుండ ఊగింది.

ఇగ గుర్తు చెక్కాలె.
ఆ తలకట్టు కింద
క ఒదుగుతది, చ ఒదుగుతది, న, ద, ర, ఎవలైన సరే.
నా పేరు బక్కన్న.
బ కు తలకట్టు లేదు.
రెండో తరగతిల సారు చెవి మెలేసింది గందుకే:
"బ నెత్తిన అదేందిరా, పిలకనా?"

ఉలి తీసుకొని
మళ్ల గ ఒళ్లే చెక్కిన.
ఏం రాసినవని ఖల్ఫాన్ వంగి చూసిండు.
"వక్త్" అన్న.
ఆయన భాషల, మా భాషల ఒక్క తీరుగనే తెలిసే మాట.

పగటికి రొట్టెలు తినేటప్పుడు
మొఫిజ్‌ను ఉల్లిగడ్డ అడిగిన.
కోయకుండనే ఇయ్యమన్న.