సున్నకి పస్తు

మొదట కంప్యూటర్నే అడిగాను.
పన్నెండు డిగ్రీలు వంచమంటే
రెప్పపాటులో వంచేసింది
అన్ని అక్షరాలనీ, ఒకే గాలికి పడుకున్న వరిలా.
తలకట్టు కుడికి జారింది,
కింది ఒత్తు ఎడమకి తప్పుకుంది,
'ర' పొట్ట ఒక మూల ఉబ్బి, ఒక మూల పీక్కుపోయి
జ్వరం పడి లేచిన మొహంలా ఉంది.
వాలడం వేరు, పడిపోవడం వేరు.

చిత్తూరు బెల్లం మండీల పక్కన
ఒక బోర్డు ఉంది. ముప్పై ఏళ్ల ఎనామెల్,
నీలం మీద పసుపు, సగం రేకు తుప్పు.
'నిమ్మకాయ సోడా, రోజ్ మిల్క్'.
పాలక్యాన్లు తగిలించుకుని ఎదురుగాలిలో
సైకిలు తొక్కే మనిషిలా ముందుకి వంగిన అక్షరాలు.
కొసలెక్కడా పదునుగా లేవు.
ప్రతి గీతా వేలి చివరలాగా
గుండ్రంగా ఆగుతుంది.

రాసినాయన చెంగల్రాయుడు. గ్రీమ్స్‌పేటలో ఇల్లు.
ఆ వాలు ఎక్కడ నేర్చారని అడిగితే
చానాసేపు నవ్వినాడు.
"నేర్చేదేముందిమ్మా,
బోర్డు కింద కాలవ ఉండాది గదా,
నిచ్చెన నిటారుగా నిలబడలా.
నేనే ఒక పక్కకి ఒరిగి రాస్తి.
దిగి చూస్తే అక్షరం గూడా నా మాదిరే ఒరిగింది.
తుడిచేస్తానంటే సోడా అంగడాయన వద్దనె."
మరి ఈ గుండ్రదనం?
"కుంచె అరిగిపోయింటే ఇంకెట్లా వస్తాది?"

నోటుబుక్కులో రాసుకున్నాను:
కాలవ. అరిగిన కుంచె.

తర్వాత ఎనిమిది నెలలు.
'క'కి ఏడు డిగ్రీలు. 'ఘ'కి ఐదే,
అన్ని కాళ్లున్నది అంతకన్నా వాలదు.
ఒత్తుల్ని ఒక్కొక్కటే చెయ్యి పట్టుకుని
వాటి అక్షరాల కిందకి నడిపించుకొచ్చాను.
'ళ' రెండుసార్లు ఏడిపించింది.
'ఱ' ఎవరూ అడగరని తెలిసీ గీశాను.

ఇది రెండు మాటల అక్షరం, మహా అయితే మూడు.
మామిడి గుజ్జు డబ్బా మీద బాగుంటుంది,
వేలూరు పోయే ప్రైవేటు బస్సు నుదుటి మీద బాగుంటుంది.
పేరా మొత్తం పెడితే కళ్లు తిరుగుతాయి.
మందుసీసా మీద వద్దేవద్దు,
చిన్న సైజులో సున్నలు పూడుకుపోతాయి.
ఇదంతా వివరంగా రాసిచ్చాను కూడా.

అయినా పలమనేరు రోడ్డు ఫ్లెక్సీ కుర్రాడు
'కన్నీటి శ్రద్ధాంజలి'కి వాడేశాడు.
చూసి సిగ్గుతో చచ్చాను.
ఫోటోలో పెద్దాయన
ఏదో పెళ్లికి ఆలస్యమైనట్టు బయల్దేరుతున్నాడు.
మార్చిస్తానని ఫోన్ చేస్తే
ఆయన కూతురు ఒప్పుకోలేదు.
"మా నాయన నడకే అంత" అంది.

నిన్న పెద్ద కాగితం మీద అచ్చేసి
చెంగల్రాయుడికి ఇచ్చాను.
గోడకి ఆనించాడు.
రోడ్డు దాటి అవతలికెళ్లి నిలబడ్డాడు.
చెరుకు లారీ ఒకటి అడ్డమొచ్చింది, పోయిందాకా ఆగాడు.
తిరిగొచ్చి, బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.
"సున్న కడుపు నిండిపోయిందమ్మా,
కొంచెం పస్తు పెట్టు."

రాత్రి నాలుగు యూనిట్లు తగ్గించాను.
రేపు ఇంకో రెండు చూడాలి.