రెండు చేపలు

పొద్దున పదింటిదాకా గ్రీకు చెప్పేవాడు
గుట్ట మీది మిషన్ కాలేజీలో.
ఆపైన దిగి వచ్చేవాడు మా దగ్గరికి,
స్టవాంగర్ రేవులో, పొగగూళ్ల కింద
సార్డీన్లు డబ్బాల్లో పేర్చే షెడ్డుకి.

సిగ్వాల్ ట్యెల్తా. పంతులూ ఆయనే, ఓనరూ ఆయనే.
ఏ జేబులో సుద్దముక్క, ఏ జేబులో జీతాల చిట్టా,
ఆయనకే గుర్తుండేది కాదు.
తప్పు అచ్చయిన లేబుళ్ల వెనక
పాఠాలు రాసుకునేవాడు.
దేవుడి కృప మీద రాసిన కాగితమొకటి
నా దగ్గరుంది. తిప్పి చూస్తే
కిరీటం పెట్టుకున్న చేప, కింద 'ఆలివ్ నూనెలో'.

ఒకసారి, తలలు కత్తిరిస్తూనే అడిగాను:
"ఐదువేల మందికి పంచిన ఆ రెండు చేపల్నీ
ఎవరు కడిగారయ్యా, పొలుసులు ఎవరు తీశారు?"
నవ్వలేదు. టోపీ తీసి,
మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.
ఆ ఏడు పరీక్షలో అదే ప్రశ్న వేశాడట.
ఒక్కడూ గట్టెక్కలేదట.

తర్వాత సముద్రం మొహం చాటేసింది.
బ్యాంకువాళ్లు వచ్చారు, తాళం పడింది.
పుస్తకాలమ్మి అందరి బాకీలూ తీర్చాడంటారు.
అందరివీ కాదు.
నాకింకా పదకొండు రోజుల కూలి రావాలి.

అయినా పూడ్చిననాడు వెళ్లాను.
పాస్టరు మహా పండితుడన్నాడు,
పండితులు మంచి వ్యాపారి అన్నారు.
వానలో నిలబడి నా చేతులు వాసన చూసుకున్నాను.
ఓక్ పొగ. ముప్పై ఏళ్లయినా వదల్లేదు.
ఆ గ్రీకు పుస్తకాలకీ అంటే ఉంటుంది.
కొనుక్కున్న వాడెవడో ఈ పాటికి
ముక్కు చిట్లించి పేజీ తిప్పుతుంటాడు.