సూదికి సరిపడా ఇనుము

కూర్చో సిదాతీ. ముందు ఆ ముఖం తుడుచుకో,
కనురెప్పల మీద కూడా గని పేరుకుంది.
జువెరాత్‌లో ఎక్కావా?
రాత్రంతా గనిరైలు పెట్టెలో, ముడి ఇనుము గుట్ట మీద,
పదకొండు గొర్రెల మధ్య పన్నెండోవాడిలా?
గొర్రెలకేం కాలేదు గానీ
ఫోను చచ్చిందంటావు.

ఇలా ఇయ్యి.

చావలేదు. ఆకలి, అంతే. గొంతు పూడుకుపోయింది.
ముందు పూర్తిగా ఆపేస్తాను,
మెలకువగా ఉన్నదాని నోట్లో పుల్ల పెట్టకూడదు.
టార్చి పట్టుకో. అక్కడ కాదు,
నా వేలి మీదుగా, ఏటవాలుగా.
కనిపించిందా? చిన్న నాలుక లాంటి పలక,
దాని మీద వెంట్రుకంత బంగారు గీతలు.
ఆ వెనక నీలంగా ఉన్నది నీ దర్రా జేబులో రాలిన నూలు.
నల్లగా మెరిసేది నువ్వు కూర్చుని వచ్చిన కొండ.
కేబుల్ గుచ్చినప్పుడల్లా నువ్వే
రోట్లో దంచినట్టు దాన్ని లోపలికి దంచావు.

ఇదేమిటి, ఈ గాటు?
అబద్ధం చెప్పకు.
గొర్రె చెవికి బిళ్ల కట్టే తీగా?
తెగలేదు, నీ అదృష్టం.

ఊదకు! అందరూ చేసేదదే.
నీ ఊపిరి తడి. నువాదిబూ గాలి సగం ఉప్పు.
రెండూ కలిసి కాపురం పెడితే
నెల తిరక్కుండా పచ్చగా చిలుము.
మొన్న ఆక్టోపస్ పడవవాడి ఫోన్లో
చేప పొలుసు ముక్క దొరికింది,
అద్దంలా మెరుస్తూ. పారెయ్యబుద్ధి కాలేదు.

ఇదిగో నా పనిముట్టు. నవ్వకు.
పందుంపుల్లే, రోజూ పొద్దున నువ్వు నమిలేదే.
బ్లేడుతో చెక్కి గోటి అంచంత పలచన చేస్తాను.
నాకు పని నేర్పిన సాంబా గయే అనేవాడు,
"లోహానికి లోహం దాయాది, కర్ర చుట్టం" అని.
పొడవకూడదు. గోకకూడదు.
నిద్రపోయే పిల్లాడి పెదవి మీది మెతుకు తీసినట్టు
మూల నుంచి బయటికి,
ఎప్పుడూ బయటికే.

రావడం లేదు.
ఆ టీ పొంగుతోంది, మూత తియ్యి.
రావడం లేదు.

వచ్చింది.

చూడు, ఎంత ముద్దో! నీలం నూలు, ఇసుక,
ఒక గొర్రె వెంట్రుక, ఖర్జూరం జిగురు.
నిన్నెవరైనా ఏడాదంతా ఏం చేశావని అడిగితే
ఇది చూపించు.

ఇప్పుడు కుంచెకి ఒక్క చుక్క స్పిరిట్. చుక్కే.
రెండో గ్లాసు తాగేదాకా దాన్ని ముట్టుకోకు, ఆరాలి.
పక్క కొట్టువాడైతే పోర్టే మార్చాలని
వెయ్యి ఊగియాలు గుంజేవాడు.
నేనూ గుంజగలను. రెండేళ్ల కిందట
ఇంటి అద్దె కట్టలేక ఒకసారి గుంజాను కూడా.
ఆ ముసలామె ఇప్పటికీ నన్ను చూస్తే
"తెస్లెమ్ చేతిలో బరకత్ ఉంది" అంటుంది.
ఆ వీధి మానేశాను.

సరే, పెట్టు కేబుల్. మెల్లగా.
టక్.
విన్నావా? ఇందాక ఈ చప్పుడు లేదు.
వదులుగా ఊగే కేబులూ, వదులుగా ఊగే మాటా
రెండూ ఏదో అడ్డుందనే చెబుతాయి.

ఒక శాతం.
ఆగు, నాలుగయ్యాక తెరువు.
పదిహేడు మిస్డ్ కాల్సా, అన్నీ బేరగాడివేనా?
మాట్లాడుకో, నేను వినను.

విన్నాను. ధర తగ్గించకు,
తబస్కీ ఇంకా వారముంది, వాడే దిగొస్తాడు.

యాభై ఇయ్యి చాలు.
ఇదిగో, మావాడు ఊది పగలగొట్టిన బుడగ ముక్క.
రైలెక్కే ముందు ఫోను అడుగున తొడుగు.

ఆ ముద్దని పారెయ్యకు, ఇటు ఇయ్యి.
పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఉంది నా దగ్గర.
కాగితం కింద తిప్పితే
నూలూ ఇసుకా పడుకునే ఉంటాయి,
ఇనుము మాత్రం రోమాలు నిక్కబొడుచుకుని లేస్తుంది.
నాలుగేళ్లుగా ఈ సీసా మూతలో పోగేస్తున్నాను,
మీ అందరి జేబుల్లోంచి.
కమ్మరి వాడు సూదికి సరిపడా అయిందన్నాడు.

చేయిస్తాను.
దాంతో మాత్రం ఏ ఫోనునీ పొడవను.