రబ్బరు ముక్క

మంగళవారం మంగళవారం నా వ్యాను
లూయిస్ ద్వీపం ఉత్తరపు కొస దాకా వెళ్తుంది.
ఒక్క బండి పట్టే దారి. పక్కన పీట్ తవ్విన నల్లనేల.
గొర్రె అడ్డొస్తే గొర్రెదే ముందు.
వెనక పదిహేడు వందల పుస్తకాలు
మలుపు మలుపుకీ ఒకదాని భుజమ్మీద ఒకటి వాలుతూ.

వాటిలో ఒకటి,
అట్ట ఊడి, నేను టేపు వేస్తే మళ్లీ ఊడి,
పదకొండేళ్లుగా ఇక్కడి ఆడపిల్లలందరి దిళ్ల కిందా
పడుకుని వచ్చింది.
కథ మీకు తెలిసిందే.
వాడు మాట్లాడడు. దవడ బిగుసుకుని ఉంటుంది.
ఆ పిల్ల నిద్రపోతుంటే కిటికీలోంచి దిగి
తెల్లారేదాకా చూస్తూ కూచుంటాడు.
ఆమె ఫోన్లో పేర్లు ఒక్కొక్కటే తీసేస్తాడు.
నూట నలభయ్యో పేజీలో గోడని గుద్దుతాడు,
ఆమె చెవి పక్కనున్న గోడని.
ఆమె వాడి చేతికి కట్టు కడుతుంది.

తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ రాతలు చెరపడం
నా ఉద్యోగంలో భాగం.
కౌన్సిల్ వాళ్లు అందుకో తెల్ల రబ్బరు కూడా ఇచ్చారు.
ఈ పుస్తకం దగ్గర మాత్రం దాన్ని పక్కన పెట్టి
చదువుతాను, ఫ్లాస్కులో టీ చల్లారేదాకా.

కిటికీ దగ్గర గుండ్రటి అక్షరాలు: 'అబ్బా, నాకెప్పుడో!'
దాని కింద వాలు రాత:
'మా కిటికీ ఉప్పుగాలికి బిగుసుకుపోయింది, వాడి ఖర్మ.'
గోడ దగ్గర గుండె బొమ్మ.
బొమ్మ మీదుగా ఇంకెవరిదో అడ్డగీత,
కాగితం చిరిగేంత గట్టిగా.
ఫోన్ దగ్గర: 'అంతలా ప్రేమిస్తే తప్పేంటి?'
ఏడేళ్లుగా ఆ ప్రశ్న కింద ఖాళీయే.

పోయిన వసంతంలో ఒకావిడ వ్యానెక్కి
ఈ పుస్తకాన్ని కౌంటర్ మీద, చచ్చిన చేపని పెట్టినట్టు పెట్టి,
"తీసేయండి డోలీనా. మా పిల్ల పాడైపోతోంది" అంది.
ఆ భయాన్ని తీసిపారేయలేను.
ఒకే కథ నలభైసార్లు చదివిన పిల్ల ముక్కుకి
అనుమానం కూడా అత్తరులా తగలదని
నేనెవరి మీద ఒట్టు వేయను?

కానీ ముర్డో.
ముర్డో జన్మలో నవల ముట్టుకోలేదు.
ఇంజను రిపేరు పుస్తకం, ఆటుపోట్ల పట్టిక. అంతే.
అయినా నేను స్టోర్నోవే వెళ్లొచ్చిన ప్రతిసారీ
కారు మీటరు చూసి మైళ్లు రాసుకునేవాడు,
బీరువా తలుపుకి లోపలివైపు, పెన్సిల్‌తోనే.
ఏ రచయిత్రి నేర్పింది వాడికి?
మా పిన్ని అనేది,
"అదృష్టమే నీది, కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు."
రెప్పకి కాపలా ఒక్కటే పనా?
మూసుకున్నాక చీకటి కూడా రెప్పే.
అది తెలియడానికి నాకు తొమ్మిదేళ్లు,
అయిదు వేల చిల్లర మైళ్లు పట్టింది.

నా పదిహేనో ఏట ఇలాంటిదొకటి చేతికొచ్చుంటే,
అంచుల్లో నలుగురు పిల్లలు ఇట్లా కొట్టుకుంటూ ఉంటే,
ముందే తెలిసేదా?
ఏమో. గుండె బొమ్మే గీసేదాన్నేమో.

పుస్తకం తీసేయలేదు.
ఆవిడ మళ్లీ వ్యానెక్కలేదు.

ఇవాళ వానలో ఇషబెల్ వచ్చింది, బూట్ల నిండా బురద.
పుస్తకం ఇచ్చేసి, హీటరు ముందు చేతులు చాపి,
"గోడని గుద్దాక వాడు వెళ్లిపోయుంటే
ఆ రాత్రి ఆమెకి మంచి నిద్ర పట్టేది కదా" అంది,
నాతో కాదు, హీటరుతో అన్నట్టు.
"నువ్వేమంటావు?" అన్నాను.
భుజాలెగరేసి, రెండో భాగం ఉందా అనడిగింది.
ఉంది. ఇచ్చాను.

తలుపు మూసుకున్నాక పేజీలు తిప్పాను.
ఫోన్ దగ్గర, ఏడేళ్ల ఖాళీలో,
ముల్లులాంటి మొనతో కొత్త రాత:
'నా ఫోన్లో మా అక్క నంబరు కూడా తీసేశాడు.'

రబ్బరు డాష్‌బోర్డు మీద దొర్లి ఎక్కడో పడింది.
ఎర్ర కోటు ఇంకా గొర్రెల గేటు దాటలేదు.
ఇంజను ఆపి, వానలోకి దిగి
పేరు పెట్టి పిలిచాను.